సిర్పూర్ నుంచి చందా దాకా: మన గోండు రాజ్యం కథ

కిందటి ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, మా హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి మైకు పట్టుకుని మాట్లాడింది. "మన గోండులకు రాజ్యం ఉండేది, కోటలు ఉండేవి, మనం ఏలినవాళ్లం" అంది. చప్పట్లు మోగాయి. వేదిక మీద ఉన్న అతిథి ఒకరు నవ్వుతూనే అడిగారు: "ఏ పుస్తకంలో ఉందమ్మా ఇది?" ఆ పిల్ల ఫోనులో వచ్చిన మెసేజ్ చదివి నేర్చుకుంది. ఏ పుస్తకమో దానికేం తెలుసు? తల దించుకుని మా వైపు చూసింది. మేమూ నోరు మెదపలేకపోయాం. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాళ్లం, ఏళ్ల తరబడి పిల్లల మధ్యనే ఉంటున్నవాళ్లం, మాకూ జవాబు రాలేదు.

ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదు. దానికి ఆధారం చూపించే పని పెద్దవాళ్లమైన మాది, మేమే చెయ్యలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం. దీన్ని చదివే యువతీ యువకులారా, రేపు మిమ్మల్ని ఎవరైనా అలా అడిగితే తల దించుకోకూడదు. అలాగని లేనిపోని గొప్పలూ చెప్పకూడదు. ఏది పాట, ఏది రాత, ఏది ఊహ అన్నది విడదీసి చెప్పగలగాలి.

రైలు పట్టాల వెంట మూడు రాజధానులు

సిర్పూర్ కాగజ్‌నగర్‌లో ఉత్తరానికి వెళ్లే ప్యాసింజర్ ఎక్కండి. సిర్పూర్ టౌన్, మాకుడి, వీరూర్, మాణిక్‌గఢ్ దాటాక వార్ధా నది వంతెన వస్తుంది. అవతల బల్లార్షా, ఆ తర్వాత చంద్రపూర్. మనవాళ్లు ఆస్పత్రికనో బట్టలకనో పెళ్లి సంబంధానికనో ఎన్నోసార్లు వెళ్లే దారే ఇది. ఈ దారిలో చందా గోండు రాజుల మూడు రాజధానులు వరసగా ఉన్నాయి. మొదటిది సిర్పూర్, రెండోది బల్లార్షా, మూడోది చంద్రపూర్. పాతవాళ్లు చందా అనేది దాన్నే. మాణిక్‌గఢ్ స్టేషనుకు ఆ పేరు కొండల్లోని కోట నుంచి వచ్చింది. మనం టికెట్టు కొనుక్కుని మన చరిత్ర మీదుగానే వెళ్తున్నాం, కిటికీలోంచి చూస్తూ కూడా గుర్తు పట్టలేకపోతున్నాం.

ఒక్కసారి ఈ నేలను గమనించండి. దక్షిణాన గోదావరి, పడమట పెన్‌గంగ, నడుమ వార్ధా, తూర్పున వైన్‌గంగ. వార్ధా వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. వీటి మధ్య సాత్మాల కొండలు, టేకు అడవి. ఒక పక్క తెలుగు, ఒక పక్క మరాఠీ, నడుమ మన గోండి. ఓరుగల్లు కాకతీయులు, బహమనీ సుల్తానులు, బీరారు సుల్తానులు, గోల్కొండ పాదుషాలు అందరూ ఈ కొండల చుట్టూ రాజ్యాలు ఏలినవాళ్లే. పెద్ద రాజ్యాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకునే అంచుల్లో, సైన్యాలకు దారి దొరకని కొండల్లో, గోండు రాజులు తమ గద్దె నిలబెట్టుకున్నారు. మధ్య భారతంలో గోండు రాజ్యాలు నాలుగని చెబుతారు: గఢా మండ్లా, దేవ్‌గఢ్, ఖేర్లా, చందా. 1564లో మొగలు సైన్యంతో పోరాడి ప్రాణాలిచ్చిన రాణి దుర్గావతిది గఢా మండ్లా. మన ఆదిలాబాద్ కొండలకు దగ్గరిది చందా.

మనకు ఎలా తెలుసు?

ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. చందా రాజ్యం గురించి మనకు మూడు దారుల్లో తెలుస్తుంది.

మొదటి దారి మన ప్రధానులు, తోటీలు. కీక్రి వాయిస్తూ ఒక్కో గోత్రం పుట్టుక, పెర్సాపెన్ కథ, రాజుల కథ పాడేది వాళ్లే. రెండోది పరాయి రాజుల దగ్గరి రాతలు. మొగలు పాదుషాల కొలువులో పారశీకంలో రాసుకున్న పుస్తకాలు ఇందులోకి వస్తాయి. మూడోది రాళ్లు: కోటలు, ద్వారాలు, సమాధులు, చెరువు కట్టలు. 1860ల్లో చందాలో భూముల బందోబస్తు చేసిన ఇంగ్లీషు అధికారి మేజర్ లూసీ స్మిత్ అక్కడి పెద్దలు చెప్పిన రాజుల కథలన్నీ తన నివేదికలో రాసి పెట్టాడు. ఈనాడు పుస్తకాల్లో కనిపించే రాజుల జాబితా ఎక్కువగా అక్కడి నుంచి వచ్చిందే. అంటే ఆ ఇంగ్లీషు పుస్తకం వెనక ఉన్నదీ మనవాళ్ల నోటి మాటే.

ఆ జాబితాలో భీమ్ బల్లాళ్ సింగ్ నుంచి నీలకంఠ షా దాకా పంతొమ్మిది తరాలున్నాయి. రాజ్యం పోయింది 1751లో. మొదటి రాజు ఎప్పటివాడు? ఒక లెక్క క్రీ.శ. 870 అంటుంది, ఇంకొకటి 1240 ప్రాంతం అంటుంది. ఫోన్లలో తిరిగే మెసేజ్‌లలో ఎప్పుడూ 870 ఉంటుంది, పాతది అయితే గొప్ప అని. మా పిల్లలతో బోర్డు మీద లెక్క చేయించాం. 870 నుంచి 1751 దాకా 881 ఏళ్లు. పంతొమ్మిదితో భాగిస్తే ఒక్కో రాజు సగటున 46 ఏళ్లు ఏలాలి. వరసగా పంతొమ్మిది మంది అలా ఏలడం నమ్మేలా లేదు. 1240 నుంచి లెక్కిస్తే ఒక్కొక్కరికి 27 ఏళ్లు వస్తాయి. ఇది ఒక తరానికి సరిపోయే లెక్క. కాబట్టి పదమూడో శతాబ్దం అనడమే బుద్ధికి అందే మాట. ఐదు వందల ఏళ్లు తక్కువేం కాదు. దాన్ని తొమ్మిది వందలు చేసి అతిథి ముందు నవ్వులపాలు కావడం దేనికి?

ఇనుము కరిగించినవాడు

రాజులకన్నా ముందు ఒక వీరుడి కథ వస్తుంది. అతని పేరు కోల్ భీల్. అప్పటికి ఈ ప్రాంతం మాన నాయకుల చేతిలో ఉండేదట. మాణిక్‌గఢ్ కోట వాళ్లదేనంటారు. చెల్లాచెదురుగా ఉన్న గోండు గూడేలను కోల్ భీల్ ఒక్కటి చేశాడనీ, రాతిలోంచి ఇనుము తీయడం నేర్పాడనీ, ఆ బలంతోనే మాన నాయకులను ఎదిరించారనీ కథ.

కోల్ భీల్ అనే మనిషి నిజంగా ఉన్నాడా అన్నది ఎవరూ రుజువు చెయ్యలేరు. అయితే కథలోని తెలివి చూడండి. రాజ్యం ఆకాశంలోంచి ఊడిపడిందని మనవాళ్లు చెప్పలేదు. ఐకమత్యం, ఇనుము, ఈ రెండూ ఉంటేనే రాజ్యం వచ్చిందన్నారు. ఇనుము అంటే గొడ్డలి, నాగటి కర్రు, ఈటె. అడవి కొట్టాలన్నా, దున్నాలన్నా, కొట్లాడాలన్నా అదే కావాలి.

ఆ తర్వాత భీమ్ బల్లాళ్ సింగ్ సిర్పూర్ రాజధానిగా ఏలాడు. ఇవాళ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న సిర్పూరే అది. కొండ మీది మాణిక్‌గఢ్ ఆపదలో తలదాచుకునే కోట. వాళ్ల మనవడు హీర్ సింగ్ గోండులను సాగు వైపు తిప్పి, భూమికి శిస్తు మొదలుపెట్టాడని చెబుతారు. ఈ రాజులు ఆత్రం ఇంటి పేరువాళ్లు. ఇప్పటికీ మన ఊళ్లలో ఆత్రం వాళ్లు లేని గూడెం అరుదు. మా హాస్టల్ హాజరుపట్టీలోనే ఎందరో ఉన్నారు.

కుందేలు తరిమిన కుక్క

పదిహేనో శతాబ్దంలో ఖాండ్క్యా బల్లాళ్ షా రాజయ్యాడు. ఆయన ఒంటి నిండా గడ్డలు. ఏ మందూ పని చెయ్యలేదు. రాణి సలహాతో సిర్పూర్ వదిలి, వార్ధా అవతలి ఒడ్డున కోట కట్టుకున్నాడు. అదే బల్లార్షా. ఒకనాడు వేటకు పోయి దప్పికగొని, ఎండిపోయిన ఝర్‌పట్ వాగులో చిన్న గుంట కనిపిస్తే నీళ్లు తాగి మొహం కడుక్కున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది, తెల్లారేసరికి గడ్డలు తగ్గాయి. రాణి వెళ్లి చూస్తే రాతిలో ఆవు గిట్టల్లాంటి ఐదు గుంటలు, ఎంత తోడినా తరగని నీళ్లు. అక్కడే అచలేశ్వర్ గుడి వెలిసింది. మరోనాడు అక్కడే నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు రాజు కుక్కను తరుముతూ కనబడింది. అది పరుగెత్తిన దారి వెంటే గోడ కట్టమని రాణి చెప్పింది. చందా పట్నం అలా మొదలైంది.

కుందేలు కుక్కలను తరిమిన కథ విజయనగరానికీ ఉంది. కాబట్టి ఇది చరిత్ర అనకుండా కథగానే చెప్పుకుందాం. కథలో ప్రతిచోటా ఆలోచన రాణిదే కావడం మాత్రం మా హాస్టల్ ఆడపిల్లలకు బాగా నచ్చింది. ఇక గోడ కథ కాదు. జట్‌పురా, బింబా, పఠాన్‌పురా, అచలేశ్వర్ అనే నాలుగు ద్వారాలతో పది కిలోమీటర్లకు పైబడిన కోట గోడ చంద్రపూర్ చుట్టూ ఇప్పటికీ కనిపిస్తుంది. ద్వారాల మీద ఏనుగును అణచిన సింహం బొమ్మ చెక్కి ఉంటుంది. అది చందా రాజుల ముద్ర. ఆ గోడ పూర్తి కావడానికి కొన్ని తరాలు పట్టింది. రాజు పేరు మనకు తెలుసు, రాళ్లు మోసినవాళ్ల పేర్లు తెలియవు. వాళ్లూ మన పూర్వీకులేనని మరవకండి.

అడవి కొట్టినవాడిదే భూమి

ఈ రాజ్యం కథలో మాకు అన్నిటికన్నా విలువైనది ఖాండ్క్యా తర్వాతి హీర్ షా కాలపు మాట. లూసీ స్మిత్ రాసుకున్న కథ ప్రకారం ఈ రాజు రెండు ఆజ్ఞలు ఇచ్చాడు. పెట్టిన గడువులో అడవి నరికి పొలం చేసుకున్నవాడికి ఆ భూమి మీద సనదు ఇస్తానన్నాడు. చెరువు తవ్వించినవాడికి ఆ చెరువు కింద పారినంత భూమి ఇస్తానన్నాడు. చందా ప్రాంతం చెరువుల దేశమని పేరు పడింది అందుకే.

దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోండి. రాజు దయామయుడని మేము అనడం లేదు. సాగు పెరిగితే శిస్తు పెరుగుతుందని ఆయనకు తెలుసు. కానీ చెమట ఎవరిదో హక్కు వాళ్లదని ఆనాటి పాలన ఒప్పుకుంది. తర్వాతి కాలంలో ఇదే కొండల్లో అడవి సర్కారుదైంది, కంచె పడింది, పోడు నేరమైంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం ప్రాణం ఇచ్చింది దేనికో మీకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు, అడవి, భూమి. హీర్ షా సనదు నుంచి జోడేఘాట్ తుపాకి దాకా చదివితే మన చరిత్ర అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది: ఈ నేలను బాగు చేసింది ఎవరు, కాగితం ఎవరి చేతిలో ఉంది?

అక్బరు కొలువులో మన లెక్క

అతిథి అడిగిన "ఏ పుస్తకం?" అన్న ప్రశ్నకు సూటి జవాబు ఇదిగో. అక్బరు పాదుషా మంత్రి అబుల్ ఫజల్ పదహారో శతాబ్దం చివర రాసిన ఐన్-ఇ-అక్బరీ. అందులో బీరారు సుబా గురించి చెబుతూ బాబాజీ అనే గోండు నాయకుడి పేరు ఆయన రాశాడు. అతనికి వెయ్యి మంది రౌతులు, 40,000 కాల్బలం ఉన్నారన్నాడు. వజ్రాల గని ఉన్న వైరాగఢ్‌ను అతను అప్పటికి కొద్దికాలం కిందటే గెలుచుకున్నాడనీ, ఆ చుట్టుపక్కల అడవి ఏనుగులు తిరుగుతాయనీ చెప్పాడు. మన జాబితాలోని బాబాజీ బల్లాళ్ షా ఇతనే.

నలభై వేలు అంటే అది జీతాలిచ్చి పోషించిన సైన్యం అనుకోనక్కర్లేదు. డప్పు మోగితే విల్లూ గొడ్డలీ పట్టుకుని వచ్చే గూడేల జనం కావచ్చు. గుర్రాలు వెయ్యే ఉండి మనుషులు అంతమంది ఉండటం చూస్తే మాకు అలాగే తోస్తుంది. ఏమైనా, పాట నిలబెట్టిన పేరు పాదుషా కొలువు రాతలో కూడా దొరికింది. ఇలాంటి చోటే చరిత్ర గట్టిపడుతుంది.

బలమైన పొరుగువాళ్లుంటే చిన్న రాజ్యానికి సుఖం ఉండదు. 1667లో ఔరంగజేబు సేనాని దిలీర్ ఖాన్ దండెత్తి వచ్చి చందా మీద, దేవ్‌గఢ్ మీద భారీగా కప్పం వేశాడు. అయినా గద్దె కదలలేదు. వంగాల్సిన చోట వంగి, నిలవాల్సిన చోట నిలిచి ఇంకో ఎనభై ఏళ్లు సాగింది.

రాణి హీరాయి

పదిహేడో శతాబ్దం చివర బీర్ షా ఏలాడు. తన కూతుర్ని అవమానించాడని దేవ్‌గఢ్ రాజవంశపు అల్లుడి మీద కత్తి దూసి చంపాడనీ, తర్వాత తన రెండో పెళ్లి ఊరేగింపులోనే ఒక రాజపుత్రుడి చేతిలో తానూ చచ్చాడనీ కథ. రాజుకు కొడుకులు లేరు. ఇలాంటప్పుడే చిన్న రాజ్యాలు ముక్కలవుతాయి. ముక్కలు కాకుండా కాపాడింది రాణి హీరాయి. బంధువర్గం నుంచి రామ్ షా అనే పిల్లవాణ్ని దత్తత తెచ్చి, అతను పెద్దవాడయ్యేదాకా తానే పాలించింది. భర్తకు సమాధి కట్టించింది. చంద్రపూర్‌లోని గోండు రాజుల సమాధుల్లో అదే పెద్దది. మహాకాళి గుడినీ ఆమే కట్టించింది. చైత్ర మాసంలో ఆ జాతరకు మన వైపు నుంచీ జనం వెళ్తారు. ఈసారి వెళ్తే కొబ్బరికాయ కొట్టి వచ్చేయకండి. పిల్లలకు కట్టించిన రాణి పేరు చెప్పండి.

గద్దె పోయింది, మనుషులు మిగిలారు

రామ్ షా తర్వాత నీలకంఠ షా. కొలువులో చీలికలు వచ్చాయి. నాగపూర్‌లో రఘూజీ భోంస్లే బలపడ్డాడు. 1751లో చందా మరాఠాల వశమైంది. గోండు గద్దె అక్కడితో ముగిసింది. వార్ధాకు ఇవతలి భాగం తర్వాత నిజాం రాజ్యంలో ఉంది, అవతలి భాగం భోంస్లేల నుంచి ఇంగ్లీషువాళ్లకు పోయింది. ఒకే గోత్రం వాళ్లు రెండు సర్కార్ల కింద పడ్డారు.

గద్దె పోయాక కూడా తిరుగుబాటు ఆగలేదు. నదికి అవతల బాబూరావు శెడ్మాకే ఇంగ్లీషువాళ్లను ఎదిరించి 1858 అక్టోబరు 21న చందా జైల్లో ఉరికంబం ఎక్కాడు. ఇవతల నిర్మల్‌లో రాంజీ గోండును, వెంట ఉన్నవాళ్లను మర్రిచెట్టుకు ఉరి తీశారు. ఆపై జోడేఘాట్.

సరిహద్దు గీతలు మాత్రం మారుతూనే వచ్చాయి. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురా మరాఠీ వైపు పోయింది. మాణిక్‌గఢ్ కోట కూడా దానితోనే అటు పోయింది. కెరమెరి మండలం కొసన పరందోళి లాంటి ఊళ్ల మీద ఇప్పటికీ రెండు రాష్ట్రాలూ హక్కు చెబుతున్నాయి. అక్కడివాళ్లకు రెండు వైపులా ఓటు ఉంది. కానీ భూమి పట్టాకు వచ్చేసరికి ఎవర్ని అడగాలో తెలియని బతుకు. ఐదు వందల ఏళ్లుగా మనం సరిహద్దులో ఉన్నాం. మనం కదల్లేదు, గీతలే మన మీదుగా కదిలాయి.

మీరు చెయ్యాల్సిన పని

ఈ చరిత్ర తెలిస్తే ఏమొస్తుందని మా హాస్టల్ పిల్లలూ అడిగారు. గర్వం వస్తుంది, సరే. అంతకన్నా గట్టి లాభం ఒకటి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద రాసిన నిబంధనల్లో సాక్ష్యంగా ఏవి చెల్లుతాయో జాబితా ఉంది. ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం చెల్లుతుంది. పాత బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు చెల్లుతాయి. పాత రికార్డుల్లో ఉన్న వ్యక్తి దాకా చూపించే వంశవృక్షం చెల్లుతుంది. అంటే మీ తాత చెప్పేది ముచ్చట మాత్రమే అనుకోవద్దు, రాసి పెడితే అది కాగితం అవుతుంది.

కాబట్టి ఈ దీపావళికి దండారి ఆడటానికి ఊరికి వెళ్లినప్పుడు నాలుగు పనులు చెయ్యండి. మీ ఊరి ప్రధాన్ లేదా తోటి పెద్దమనిషి దగ్గర కూర్చుని, అనుమతి అడిగి, పాటను ఫోనులో రికార్డు చెయ్యండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయండి. పాత గూడెం ఎక్కడుండేదో, చెరువు కట్ట ఎక్కడుందో, పెర్సాపెన్ చోటు ఎక్కడో గుర్తు పెట్టి ఫొటో తియ్యండి. మీ వంశం ఎన్ని తరాలు వెనక్కి చెప్పగలరో అవ్వతో చెప్పించి రాసుకోండి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతులు 1750 ప్రాంతానివని పరిశోధకులు అంచనా వేశారు. చందా గద్దె కూలుతున్న రోజుల్లోనే మనవాళ్లు మన లిపిలో రాసుకుంటున్నారన్నమాట. 2018లో ఆ గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. నాలుగో పని, ఆ లిపి నేర్చుకోండి.

మొన్న ఆ అమ్మాయిని పిలిచి అబుల్ ఫజల్ పేరు, బాబాజీ పేరు, 1751 ఏడాది నోటు పుస్తకంలో రాయించాం. రాసి, కాసేపు చూసి, అడిగింది: "మేడం, రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?"

మాకు ఈసారి కూడా జవాబు తెలియలేదు. కానీ ఈసారి మేము తల దించుకోలేదు. "మీ అవ్వను అడుగుదాం పద" అన్నాం.

జై సేవా.